జ్వరమని రాయను

మా బడిలో టీచర్లు ఏదైనా కొత్తగా నేర్చుకోవాలంటే ముందు జ్వరం రావాలి. నిజం జ్వరం అక్కర్లేదు, కాగితం మీద వస్తే చాలు. వాట్‌గంజ్ బజారులో కూర్చునే డాక్టరు బాబు మమ్మల్ని చూడగానే "కొదిన్?" అని బెంగాలీలో అడుగుతాడు, ఎన్ని రోజులని. మనం వేళ్ళు చూపిస్తే అన్ని రోజులకీ వైరల్ ఫీవర్ రాసిస్తాడు. నాడి కూడా పట్టుకోడు. ఆ కాగితం ఇస్తే మెడికల్ లీవు. జీతం ఆగదు, సర్వీసు తెగదు. మా వాళ్ళు ఆ జ్వరంతోనే కంప్యూటర్ కోర్సుకు వెళ్ళారు, లెక్కల వర్క్‌షాపుకు వెళ్ళారు. ఒకావిడ డిగ్రీ పరీక్షలు కూడా రాసింది.

తమాషా అంతటితో అయిపోదు. తిరిగి వచ్చాక నేర్చుకున్నది నోరు విప్పి ఎవరికీ చెప్పకూడదు. జ్వరంతో మంచం పట్టిన మనిషికి భిన్నాలు చెప్పే కొత్త పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఏం చెబుతాం? అందుకని ఎవరి విద్య వాళ్ళ కొంగునే కట్టుకుని తిరుగుతారు. ఈ పద్ధతి గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు పుష్పరాణి. మాది తెలుగు మీడియం ప్రైమరీ బడి. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఈ బెంగాల్ మహానగరానికి ఓడరేవులో డాకు పనికీ, కార్పొరేషన్ పనికీ వచ్చిన కుటుంబాల పిల్లల కోసం ఇక్కడి తెలుగు పెద్దలు ఒక సంఘం పెట్టి నడుపుతున్నారు. కమిటీలో ఉండేది బ్యాంకు ఆఫీసర్లు, ప్రొఫెసర్లు. పాఠాలు చెప్పేది మేము. రెండో క్లాసు నాది. ఏడేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాను. మధ్యలో తెగకుండా ఎనిమిదేళ్ళు చేసిన వాళ్ళని పర్మనెంటు చేస్తామని కమిటీ మాట. ఇంకొక్క ఏడాది నోరు మూసుకుని కూర్చుంటే ఒడ్డున పడతాను. నోరు మూసుకోవడం, కూర్చోవడం, రెండూ నాకు రావు. మా అమ్మ నన్ను కాలు కాలిన పిల్లి అంటుంది.

ఈ ఏడు ఆ కాలు మరీ కాలింది. కారణం చిన్ని.

చిన్ని నా క్లాసులో పిల్ల. మెటియాబ్రుజ్ నుంచి వస్తుంది, వాళ్ళ నాన్న అక్కడ కుట్టుపని చేస్తాడు. ఇంట్లో తెలుగు, సందులో బెంగాలీ, ఆటోలో హిందీ. మూడూ గలగలా మాట్లాడుతుంది. రాయమంటేనే తంటా. నవంబరులో కమిటీ వాళ్ళు బడి చూడటానికి వచ్చినప్పుడు కార్యదర్శి జానకిరామ్ గారు నా క్లాసులోకి వచ్చి, ముందు బెంచీలో ఉన్న చిన్ని పలక అందుకున్నారు. సాయంత్రం ఏం చేస్తావో రాయమని నేను చెప్పి ఉన్నాను. ఆయన పైకి చదివారు.

"బడి అయినాక బడి ఎల్తాను. బడిలో మాయమ్మ అన్నం వండతాది. బడిలో నాను తొంగుంతాను."

చదివి, వెనక వస్తున్న వాళ్ళ వైపు తిరిగారు.

"చూశారా, ఈ పాపకి చదువంటే ఎంత ప్రాణమో. బడి అయ్యాక మళ్ళీ బడికే వెళ్తుందట. వంటా పడకా కూడా ఇక్కడే."

అందరూ నవ్వారు. ఆయన నవ్వులో చెడ్డ ఉద్దేశం లేదు, అది నేను ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్ల రాసింది బడి కాదు, బాడి. బెంగాలీలో ఇంటిని బాడి అంటారు. మా వాడల్లో తెలుగు మాట్లాడుతూ కూడా ఇల్లు అనే వాళ్ళు తక్కువ, "బాడి ఎల్తాను" అనే వాళ్ళే ఎక్కువ. చిన్నికి దీర్ఘం పెట్టడం రాలేదు, అంతే. ఆ మాట నేను చెప్పబోయేలోపు కమిటీ మూడో క్లాసులోకి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ జానకిరామ్ గారు గుమ్మంలో ఆగి నాతో మెల్లగా అన్నారు.

"టీచర్లు కూడా ఎప్పటికప్పుడు తమను తాము మెరుగుపరుచుకుంటూ ఉండాలమ్మా. కాలం మారుతోంది."

ఆ రోజు నుంచి చిన్ని ఎడమ చెయ్యి పలక చుట్టూ అడ్డం పెట్టి రాయడం మొదలుపెట్టింది. నేను దగ్గరికి వెళ్తే తుడిపేస్తుంది. ఇల్లు అని పదిసార్లు రాయించాను. పదకొండోసారి మళ్ళీ బడి అనే రాసింది. తిట్టాను, బుజ్జగించాను, బిస్కెట్ ఇచ్చాను. నాకు చేతకాలేదు. నా క్లాసులో సగం మందికి ఇదే జబ్బు. మాట్లాడే మాటకీ పుస్తకంలో మాటకీ మధ్య గోతిలో పడి కొట్టుకుంటున్నారు. వాళ్ళని పైకి ఎలా లాగాలో నా డీఎల్ఎడ్ టీచరు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. తెలియని పనిని రోజూ తెలిసినట్టు చేస్తూ ఉంటే మనిషికి కుదురు ఎలా ఉంటుంది? రాత్రి పడుకుంటే చిన్ని చెయ్యే కనిపించేది.

సరిగ్గా అప్పుడే ఆ శిక్షణ సంగతి తెలిసింది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లలకు చదవడం, రాయడం ఎలా నేర్పాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఊరికి అవతలి కొస సాల్ట్‌లేక్‌లో. ఒక్కో బడి నుంచి ఒక టీచరు రావచ్చు, ఫీజు లేదు. మా హెడ్‌టీచరు రమాకుమారి గారు ఆ సంగతి స్టాఫు రూములో చదివి వినిపించి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. నాకోసమే పెట్టినట్టుందని నాకు అనిపించింది, ఆవిడకీ అనిపించింది.

"ఎల్లు," అన్నారు. "డాక్టరు బాబు దగ్గిరికి రేపే ఎల్లు. మళ్ళీ ఆయన పూరీ ఎల్తాడంట."

"నాకేటి రోగం మేడమ్? నాను బాగానే ఉన్నాను."

"ఓలమ్మ, తెలీనట్టు మాటాడకు. సోమారం నుంచి నీకు జొరం."

"జొరమని రాయను. ఆన్ డ్యూటీ అని రాస్తాను."

రమాకుమారి గారు లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. ఆవిడకి రిటైర్మెంటు దగ్గర పడింది, గట్టిగా ఎవరు మాట్లాడినా భయం.

"మన బడిలో ఆన్ డ్యూటీ అనే మాట నేదు పుష్పా. ఎప్పుడూ నేదు. నానూ జొరంతోనే ఎల్లినాను లెక్కల వర్క్‌షాపుకి. వొచ్చినాక ఏటైనా సెప్పినానా? ఊరుకున్నాను. నీ ఎనిమిదో ఏడు దగ్గిరికొచ్చింది, ఎందుకు పెంట సేసుకుంటావు? జీతం నేని సెలవు పడ్డాదా, సర్వీసు తెగిపోతాది. మళ్ళీ ఒకటి నుంచి లెక్క."

అది నాకు తెలుసు. అందరికంటే బాగా తెలుసు. ఆ రోజు ఖిదిర్‌పూర్ వంతెన దగ్గర బస్సు ఎక్కకుండా ఇంటి దాకా నడిచాను, ఒక చోట నిలబడితే పిచ్చెక్కేలా ఉంది. ఇంటికి వెళ్ళాక మా అమ్మ కాసులమ్మ కూడా అదే పాట పాడింది. అమ్మ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడుస్తుంది. చీపురు మూల పెట్టి, కాళ్ళు కడుక్కుంటూ అంతా విని, నీళ్ళ చెంబు ఠక్కున కింద పెట్టింది.

"జొరమని రాసీ. అబద్ధమాడితే కళ్ళు పోతాయేటి?"

"అబద్ధమాడకూడదని రెండో క్లాసులో పాఠమున్నాది అమ్మా. సెప్పేది నానే."

"పాఠం పాఠమే, పొట్ట పొట్టే. నోరా, వీపుకి దెబ్బలు తేకే అని ఊరికే అన్నారా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పర్మనెంటు అయినాక నీ ఇష్టమొచ్చినట్టు ఎగురు. అప్పుడెవలూ ఏటీ అననేరు. ఈ ఒక్క ఏడూ, నా మాట ఇను."

అమ్మ మీద నాకు కోపం రాలేదు. అమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది? జ్వరమని రాస్తే జీతం ఉంటుంది, సర్వీసు ఉంటుంది, చదువూ వస్తుంది. నష్టపోయేది ఏదీ లేదు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. మెరుగుపడమని గుమ్మంలో ఆగి మరీ నాకు చెప్పిన మనిషే, మెరుగుపడటానికి వెళ్తానంటే రోగం నటించమంటాడా? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టుంది. నా పనికి కావలసింది నేర్చుకోవడం నా పనే అవ్వాలి కదా. దాన్ని దొంగతనంగా ఎందుకు చెయ్యాలి? దొంగతనంగా నేర్చుకుంటే అది రమాకుమారి గారి లెక్కల్లాగా నా దగ్గరే కుళ్ళిపోతుంది. ఆదివారం పొద్దున్నే తెలుపు చీర కట్టుకుని, దరఖాస్తు తీసుకుని లేక్ గార్డెన్స్‌లో జానకిరామ్ గారి ఇంటికి బయలుదేరాను.

తలుపు తీసింది ఆయన భార్య అరుంధతి గారు. మంచి మనిషి. రామ్మా రామ్మా అని లోపలికి పిలిచి, సోఫాలో చోటు లేదని చూసుకుని, అక్కడున్న సూట్‌కేసు కిందకి దించి కూర్చోబెట్టింది. ఇస్త్రీ చొక్కాలు నాలుగు ఇంకా కుర్చీ మీద ఉన్నాయి.

"ఊరికి వెళ్తున్నారా అండీ?" అన్నాను.

"నేను కాదమ్మా, ఈయనే. హైదరాబాద్‌లో వాళ్ళ బ్యాంకు ట్రైనింగు కాలేజీ. ఏటా ఓసారి ఈ గొడవ తప్పదు. ఈసారి కొత్త సాఫ్ట్‌వేరేదో వచ్చిందట, వారం రోజులు."

"వారం సెలవు పెట్టారా అండీ?"

అరుంధతి గారు నా అమాయకత్వానికి నవ్వింది.

"సెలవెందుకమ్మా? డ్యూటీ మీదే కదా వెళ్ళేది. విమానం టిక్కెట్టు కూడా వాళ్ళే ఇస్తారు. ఉండు, కాఫీ తెస్తాను."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. నాకు అక్కడ కూర్చోవడం సాధ్యం కాలేదు. లేచాను, కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. ఆ సూట్‌కేసు కేసి చూస్తే నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. అంతలో జానకిరామ్ గారు తల తుడుచుకుంటూ వచ్చి దరఖాస్తు అందుకుని నిలబడే చదివారు.

"ఆన్ డ్యూటీ అంటే కుదరదమ్మా," అన్నారు. మర్యాదగానే అన్నారు. "ఐదు రోజులు క్లాసు ఎవరు చూస్తారు? పిల్లల చదువు పోదూ? ఇవాళ మీకిస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడగాలి సార్. అందరికీ కావాలి," అన్నాను. ఆయన ముందు నాకు పుస్తకాల తెలుగు వస్తుంది, ఎందుకో ఎప్పుడూ అంతే. "నా రెండో క్లాసుకీ రమాకుమారి గారి నాలుగో క్లాసుకీ కలిపి చేసే పనులు ఐదు రోజులకీ రాసి ఆవిడకి ఇచ్చాను. ఆవిడ చూసుకుంటానన్నారు."

ఆయన దరఖాస్తు తిప్పి వెనక వైపు చూశారు. ఇబ్బంది పడుతున్నారని తెలుస్తూనే ఉంది. తర్వాత ముఖం తేటపడింది, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు గొంతు తగ్గించారు.

"నేనొక మాట చెబుతాను వినండి. మెడికల్ పెట్టుకోండి. నేనేమీ అడగను. కళ్ళు మూసుకుని సంతకం పెడతాను. మీ పని జరుగుతుంది, మా రూలూ నిలబడుతుంది."

"మీరేమని పెట్టారు సార్?"

"ఏమిటి?"

"మీ బ్యాంకులో. రేపటి నుంచి వారానికి. జ్వరమని పెట్టారా, ఇంకేదైనానా?"

కాఫీ పట్టుకుని వచ్చిన అరుంధతి గారు కిసుక్కున నవ్వింది. ఆయన ముఖం చూసి నవ్వు ఆపేసుకుంది. అన్న మాట వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు.

"బ్యాంకు వేరు, బడి వేరు," అన్నారాయన చివరికి. "అక్కడ రూల్సున్నాయి."

"ఇక్కడి రూల్సు రాసేది మీరే కదా సార్."

కింద ట్యాక్సీ హారన్ వేసింది. ఆయన దరఖాస్తు మడిచి బల్ల మీద పెట్టి చొక్కాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. "నేను ఒప్పుకున్నట్టు కాదు," అన్నారు నా వైపు చూడకుండా. "వెళ్ళొద్దని కూడా చెప్పలేదు కదా సార్," అని నేను కాఫీ తాగకుండానే మెట్లు దిగాను.

ఆయన ఆ పూటే విమానంలో హైదరాబాద్ వెళ్ళారు. సోమవారం నేను రెండు బస్సులు మారి సాల్ట్‌లేక్ వెళ్ళాను.

అక్కడ చెప్పేదంతా బెంగాలీ. నడిపేది మౌసుమీ దీ, అంటే మౌసుమీ అక్క, అని అందరూ పిలిచే ఆవిడ, చూడటానికి బక్కగా ఉంటుంది, గొంతుకి మాత్రం మైకు అక్కర్లేదు. నాతో కూర్చున్న వాళ్ళలో పురూలియా నుంచి వచ్చిన సంతాలీ పిల్లల టీచరున్నాడు, హిందీ బడుల వాళ్ళున్నారు. తెలుగు నేనొక్కదాన్నే. మొదటి రోజంతా నాకు కుదురు లేదు. ఫోను మోగితే కమిటీ అనుకునేదాన్ని. రెండో రోజు మీ క్లాసులో మిమ్మల్ని ఓడించిన ఒక తప్పు చెప్పండి అంటే చిన్ని రాసిన మూడు వాక్యాలూ బోర్డు మీద రాసి, వాటి అర్థం బెంగాలీలో చెప్పాను. గదిలో ఎవరూ నవ్వలేదు. పురూలియా ఆయన తన క్లాసులోనూ ఇలాంటివే ఉన్నాయని మూడు చెప్పాడు.

మౌసుమీ దీ ఆ వాక్యాలు రెండుసార్లు చదివించుకుని, "ఈ పిల్ల వాక్యం కట్టడం ఎంత బాగా వచ్చో చూశారా," అంది. "తప్పు ఒక్క గీత. మీరు గీత వదిలేసి మాట మీద పడ్డారు. ఇంటి మాట కొట్టేసి బడి మాట రాయించారు. పిల్లకి ఏం అర్థమవుతుంది? నా ఇల్లే తప్పు అని అర్థమవుతుంది."

ఆ పూట ఆవిడ నాచేత చేయించింది చాలా చిన్న పని. బడి ఒక అట్ట ముక్క మీద, బాడి ఇంకో దాని మీద, ఇల్లు మూడో దాని మీద రాయాలి. పిల్లల చేత మొదటి రెండూ పైకి పలికించి, సాగే చోట చెయ్యి చాపమనాలి. బాడి మాటని తుడపకూడదు, దాని పక్కనే ఇల్లు చేర్చాలి. అదీ మొత్తం. అంతే. ఇంత చిన్న సంగతి ఏడేళ్ళలో నాకు ఒక్కరూ చెప్పలేదు. ఎంతమంది పిల్లల చేత పదేసి సార్లు రాయించి ఉంటాను. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

బుధవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర జానకిరామ్ గారు ఫోను చేశారు. వెనకాల గిన్నెల చప్పుడు, నలుగురి మాటలు వినిపిస్తున్నాయి.

"క్లాసులో ఉండి మాట్లాడటానికి వీల్లేకపోయిందమ్మా. ఇప్పుడే లంచ్‌కి వదిలారు," అన్నారు.

"మమ్మల్నీ ఇప్పుడే వదిలారు సార్."

ఆయన ఆ మాట దాటేశారు. తర్వాత కమిటీలో మిగతా వాళ్ళు కోపంగా ఉన్నారనీ, తన చేతుల్లో ఏమీ లేదనీ, శనివారం నాటికి మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే చెప్పకుండా బడి మానేసినట్టు అవుతుందనీ చెప్పారు. అలా అయితే ఏమవుతుందో మీకు తెలుసు కదా అన్నారు. తెలుసన్నాను. ఆ పూట అన్నం సయించలేదు. మిగిలిన రెండు రోజులూ నేర్చుకుంటూనే ఉన్నాను, భయపడుతూనే ఉన్నాను.

శనివారం ఒంటిపూట బడి. నేను వెళ్ళేసరికి ఆఫీసు గదిలో జానకిరామ్ గారున్నారు. రాత్రి విమానానికి వచ్చినట్టున్నారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భుజానికి ట్రైనింగులో ఇచ్చిన కొత్త సంచీ ఇంకా వేళ్ళాడుతోంది. పక్కన రమాకుమారి గారు. బల్ల మీద డాక్టరు బాబు సర్టిఫికెట్, నా పేరుతో, ఐదు రోజుల వైరల్ ఫీవర్. ఆవిడే వెళ్ళి తెచ్చారు. గట్టిగా ఎవరు మాట్లాడినా భయపడే మనిషి, నా కోసం అక్కడికి వెళ్ళి అబద్ధం ఆడి వచ్చారు.

"దీని మీద ఒక్క సంతకం, కింద రెండు లైన్లు. గొడవ ఇక్కడితో పోతుంది," అన్నారు జానకిరామ్ గారు.

నేను సాల్ట్‌లేక్ వాళ్ళిచ్చిన కాగితం దాని పక్కన పెట్టాను. ఐదు రోజులూ నేను అక్కడ కూర్చున్నట్టు.

"ఈ రెండూ నిజం కాలేవు సార్," అన్నాను.

"ఏది కావాలో మీరే తేల్చుకోండి. ఇది పెడితే మీ ఏడేళ్ళూ మీవే. అది పెడితే ఈ ఐదు రోజులూ గైరుహాజరు. కాంట్రాక్టు ఇవాళ్టితో తెగుతుంది. సోమవారం నుంచి కొత్తగా ఇస్తాము, అది మాత్రం నేను మాట్లాడి ఒప్పించాను. మొదటి ఏడాది టీచరు కింద." ఆయన కణతలు నొక్కుకున్నారు. "ఎందుకమ్మా ఇంత మొండితనం? మీరు వెళ్ళారు, నేర్చుకున్నారు, మంచిదే. దానికి ఏ పేరు పెడితే ఏమిటి?"

"పేరు వల్లే సార్. జ్వరమంటే అది నా సొంత బాధ. డ్యూటీ అంటే నా పని. నేర్చుకోవడం మీ ఉద్యోగంలో పని అయినప్పుడు నా ఉద్యోగంలో రోగం ఎందుకవుతుంది?"

రమాకుమారి గారు సర్టిఫికెట్‌ని వేలితో నా వైపుకి జరిపారు. "రాసీ పుష్పా," అన్నారు మెల్లగా. నేను దాన్ని అలాగే ఆవిడ వైపుకి జరిపి, జానకిరామ్ గారు సిద్ధంగా ఉంచిన గైరుహాజరు కాగితం తీసుకుని, కారణం అన్న చోట శిక్షణలో ఉన్నాను అని రాసి సంతకం చేశాను. ఏడేళ్ళు పోయాయి. పోతాయని తెలిసే చేశాను. అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. జానకిరామ్ గారు ఆ కాగితం తన ముందుకి లాక్కున్నారు. నేను క్లాసుకి వెళ్ళిపోయాను.

ఏడేళ్ళ సర్వీసు పోయిన మనిషి వెంటనే ఏం చేస్తుందో నాకు తెలియదు. నేను అట్ట ముక్కలు తీశాను. బడి అని పిల్లలందరిచేత పలికించాను, బాడి అని పలికించి చేతులు చాపించాను. వెనక బెంచీ కుర్రాడు ఒకడు చెయ్యి చాపి పక్కవాడి ముక్కు మీద కొట్టాడు, కాసేపు గోల అయింది. తర్వాత ఎవరింట్లో ఏం వండుతారో రాయమన్నాను. చిన్ని ఎప్పటిలాగే పలక చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడ మీద అతికించిన బాడి అట్టని చూసింది, పలకని చూసింది, మళ్ళీ గోడని చూసింది. దీర్ఘం పెట్టడానికి ఎడమ చెయ్యి అడ్డొచ్చినట్టుంది, తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్ళలేదు. దూరం నుంచే చూసి, ఇటు తిరిగి గోడకేసి నిలబడ్డాను, కళ్ళు తుడుచుకోవడానికి.

మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తే, గుమ్మంలో రమాకుమారి గారున్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. ఆఫీసు గది మా వరండాకి ఎదురుగానే ఉంటుంది, తలుపు తెరిచే ఉంది, జానకిరామ్ గారు లోపల ఆ కాగితం ముందే కూర్చుని ఉన్నారు. ఆవిడ అటు ఒకసారి చూసి లోపలికి వచ్చారు.

"ఆ సేతులు సాపించడం ఏటి? నాకర్థమవనేదు. నాకూ సెప్పు."

"బెల్లు కొట్టాక సెప్తాను మేడమ్. స్టాఫు రూములో కూకుందాం."

రమాకుమారి గారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఆవిడ గొంతు అంత గట్టిగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. వరండా దాటి అవతలి గదికి వినబడేలాగే అన్నారు.

"బెల్లు కొట్టినాకేటి? బెల్లు కొట్టినాక నాను బాడి ఎల్తాను. ఇప్పుడు సెప్పు. డ్యూటీలో సెప్పు."

అని పిల్లల్ని కొంచెం జరగమని, చిన్ని పక్కన ఆ పొట్టి బెంచీ మీద కూర్చున్నారు.